పాత చాల్ కూలి టవరు లేచాక అక్కడి మనుషులు అక్కడే ఉండగలరా?

మీరు రాసిన వివరాలను బట్టి పరిస్థితి ఇది. మీ తాతగారు కరీంనగర్ ప్రాంతం నుంచి ముంబయికి వచ్చి లోయర్ పరేల్‌లోని ఒక గిర్నీలో, అంటే బట్టల మిల్లులో, నేతపని చేశారు. ఆయన పగ్డీ పద్ధతిలో, అంటే యజమానికి ముందుగా పెద్ద మొత్తం కట్టి తరువాత నామమాత్రపు అద్దెతో ఉండే ఏర్పాటు కింద, తీసుకున్న గది వరండా వెంట వరసగా ఒంటిగది ఇళ్లుండే ఒక మూడంతస్తుల పాత చాల్‌లో ఉంది. ఇప్పుడు ఆ చాల్‌ను కూల్చి టవరు కడతామంటూ ఒక బిల్డరు తరఫువారు ఒప్పుదల పత్రాలు పట్టుకుని గది గదికీ తిరుగుతున్నారు. మీ నాన్నగారు సంతకం పెడదామంటున్నారు, భివండీలో స్థిరపడిన మీ పెదనాన్నగారు వద్దంటున్నారు. కొత్త భవనం లేచాక మీవంటి కుటుంబాలు ఆ పేటలో నిలవగలవా, లేక ఇవాళ కాకపోతే రేపైనా ఇల్లు అమ్ముకుని కళ్యాణ్ అవతలికి పోవలసిందేనా అన్నది మీ ప్రశ్న.

నేను చాలా ఏళ్లుగా ఈ నగరంలో అద్దెదారుల సంఘాల తరఫున ఒప్పందాలు చదివి, లెక్కలు సరిచూసి, సలహా చెప్పే పనిలో ఉన్నాను. నిలవగలరనే నా అభిప్రాయం. అయితే ఎవరు నిలుస్తారో, ఎవరు వెళ్లిపోతారో తేలేది బిల్డరు చూపే చదరపు అడుగుల దగ్గర కాదు. అర్హుల జాబితాలో ఎవరి పేరు ఎక్కింది, పాత గది ఖాళీ చేశాక కొత్త ఇంటి తాళం చేతికి రావడానికి ఎన్నేళ్లు పట్టింది, ఆ కొత్త ఇంటికి నెలనెలా అయ్యే ఖర్చు ఎవరి నెత్తిన పడింది అన్న మూడు చోట్ల అది తేలుతుంది. పాతవారు వెళ్లిపోయిన ప్రతి పేటలోనూ ఈ మూడింటిలో ఏదో ఒక చోటే వాళ్లు జారిపోవడం చూశాను.

మీ పేట ఇంత ఖరీదైనది ఎలా అయిందో ముందు చెప్పాలి, ఎందుకంటే బిల్డరు మీ గుమ్మం దాకా రావడానికి కారణం అందులోనే ఉంది. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని తెలంగాణలో వలసల గురించి చెప్పుకునే మాటలో బొంబాయి అంటే చాలా కుటుంబాలకు ఈ పరేల్, లాల్‌బాగ్, వర్లీ, ప్రభాదేవి పేటలే. మిల్లుల వల్ల ఈ ప్రాంతమంతటికీ గిరణ్‌గావ్ అని పేరు వచ్చింది. 1982 జనవరిలో దత్తా సామంత్ నాయకత్వంలో మొదలైన సమ్మెలో సుమారు రెండున్నర లక్షల మంది కార్మికులు పాల్గొన్నారు. ఆ సమ్మెను ముగించినట్లు ఎవరూ ప్రకటించలేదు గాని మిల్లులు మాత్రం ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. వాటి కింద ఉన్న దాదాపు 600 ఎకరాల భూమి విషయంలో 1991 నాటి అభివృద్ధి నియంత్రణ నిబంధనలు న్యాయంగానే ఆలోచించాయని చెప్పాలి: ఒక వాటా పార్కులు, మైదానాల కోసం నగరపాలక సంస్థకు, ఒక వాటా చౌక ఇళ్ల కోసం రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ మ్హాడాకు, మిగిలిన వాటా యజమానికి. 2001లో ఆ నిబంధనను సవరించి, మొత్తం భూమికి బదులు భవనాలు లేని ఖాళీ జాగాను మాత్రమే పంచాలన్నారు. షెడ్లతో, గోదాములతో, చిమ్నీలతో నిండిన మిల్లు ఆవరణలో ఖాళీ జాగా ఎంత ఉంటుందో మీ తాతగారి తరంవారిని అడిగితే చెబుతారు. 2006 మార్చిలో సుప్రీంకోర్టు ఆ సవరణను సమర్థించడంతో పేదల ఇళ్లకూ, పిల్లల మైదానాలకూ దక్కవలసిన భూమిలో చాలా భాగం చేజారింది. 2005లో నేషనల్ టెక్స్‌టైల్ కార్పొరేషన్ అమ్మిన ఒక్క ముంబయి టెక్స్‌టైల్ మిల్లు భూమికే 702 కోట్ల రూపాయలు పలికాయి. 2012లో మిల్లు కార్మికుల కోసం మ్హాడా లాటరీ తీసినప్పుడు లక్షకు పైగా దరఖాస్తులకు ఇవ్వడానికి ఉన్న ఇళ్లు ఏడు వేలకు లోపే.

మిల్లుల స్థానంలో మాల్స్, ఆఫీసులు, అద్దాల టవర్లు వచ్చాయి, వాటికి తగినట్లు రోడ్లూ స్టేషన్లూ మాత్రం పెరగలేదు. 2017 సెప్టెంబరు 29న ఎల్ఫిన్‌స్టన్ రోడ్ స్టేషను ఇరుకు వంతెన మీద జరిగిన తొక్కిసలాటలో 20 మందికి పైగా చనిపోవడం ఈ అభివృద్ధిలో భాగంగానే చూడాలి. రోజూ ఆ మెట్లు ఎక్కి దిగే మీకు ఇంతకంటే చెప్పనక్కరలేదు.

ఇక చాల్‌ల సంగతి. 1947 అద్దె నియంత్రణ చట్టం పాత భవనాల అద్దెలను దాదాపు 1940 నాటి స్థాయిలో నిలిపివేసింది. దానివల్ల మీ తాతగారివంటివారు నగరం నడిబొడ్డున నెలకు నామమాత్రపు అద్దెతో బతకగలిగారు. అదే కారణం వల్ల యజమానులు మరమ్మతులు మానేశారు. 1969లో ప్రభుత్వం ఒక చట్టం చేసి, ఆ భవనాల నుంచి సెస్ అనే ప్రత్యేక పన్ను వసూలు చేసి మరమ్మతులు తానే చేపట్టింది. మొదట్లో 19 వేలకు పైగా ఉన్న ఆ సెస్ భవనాల్లో చాలావరకు ఇప్పుడు మరమ్మతుకు లొంగని స్థితికి చేరాయి. 2017 ఆగస్టు 31న భేండీ బజార్ దగ్గర ఒక పాత భవనం కూలి 30 మందికి పైగా మరణించారు. కనుక ఉన్నది ఉన్నట్టు ఉంచమనేవారి మాటతో నేను ఏకీభవించను. దూలాలకు ఇనుప ఆసరాలు పెట్టుకుని, వర్షాకాలమంతా పైకప్పు వంక చూస్తూ పడుకునే కుటుంబాలకు అలా చెప్పే అధికారం బయట సురక్షితంగా ఉన్న ఎవరికీ లేదు. మీ నాన్నగారి ఆత్రుత నాకు పూర్తిగా అర్థమవుతుంది.

బిల్డరు మీకు ఉచితంగా ఇల్లు ఎందుకిస్తాడన్నది తరువాత తెలుసుకోవలసిన విషయం. జాగా వైశాల్యానికి ఎన్ని రెట్లు కట్టడం కట్టవచ్చో చెప్పే నిష్పత్తిని ఎఫ్.ఎస్.ఐ. అంటారు. అభివృద్ధి నియంత్రణ నిబంధనల్లో సెస్ భవనాల పునర్నిర్మాణానికి వర్తించే 33(7) కింద అది 3, లేదా పాత అద్దెదారులకు కట్టవలసినదానికి ప్రోత్సాహకపు వాటా కలిపితే వచ్చేది, రెండింటిలో ఏది ఎక్కువైతే అది. మురికివాడలకు వర్తించే 33(10) నిబంధనలో, అంటే మురికివాడల పునరావాస ప్రాధికార సంస్థ (ఎస్.ఆర్.ఏ.) పథకంలో, పేదలకు కట్టినదాన్ని బట్టి అమ్మకపు వాటా లెక్కకడతారు. ఈ తేడా చాలామంది గమనించరు. ఎస్.ఆర్.ఏ. పథకాల్లో పేర్లు పెరిగితే బిల్డరుకు అమ్ముకునే జాగా పెరుగుతుంది గనుక అక్కడ లేని మనుషులను జాబితాలో చేర్చే మోసం ఎక్కువ. సెస్ భవనంలో 3 నిష్పత్తితోనే పని జరిగే చోట పరిస్థితి దీనికి తలకిందులు. వెయ్యి చదరపు మీటర్ల జాగాలో మూడు వేలు కట్టవచ్చనుకోండి. అరవై కుటుంబాలకు ముప్ఫై చొప్పున 1,800 పోతే అమ్మకానికి 1,200 మిగులుతాయి. జాబితాలోంచి ఒక్క పేరు తొలగితే ముప్ఫై చదరపు మీటర్లు అమ్మకపు లెక్కలోకి చేరతాయి, లోయర్ పరేల్ ధరల్లో ఆ ముప్ఫై మీటర్ల విలువ ఎంతో మీకు తెలుసు. మీ చాల్‌కు ఏ నిబంధన కింద ప్రతిపాదన పెడుతున్నారో, అందులో ఏ లెక్క వాడుతున్నారో మొట్టమొదట లిఖితపూర్వకంగా అడగండి. దీనికి సూటిగా జవాబు చెప్పనివారితో రెండో సమావేశం అనవసరం.

అర్హుల జాబితా దగ్గర మన తెలుగు కుటుంబాలకు ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. ఒక సంఘంలో కాగితాలు సరిచూస్తున్నప్పుడు ఒక పెద్దావిడ ప్లాస్టిక్ సంచిలోంచి తన దస్తావేజులన్నీ తీసి బల్ల మీద పరిచింది. ఓటరు జాబితాలో మన పద్ధతిలో ఇంటిపేరు ముందుండి పేరు తరువాత ఉంది. రేషన్ కార్డులో మరాఠీ పద్ధతిలో ఆమె పేరు, భర్త పేరు, ఆఖరున ఇంటిపేరు ఉన్నాయి. కరెంటు బిల్లు ఎన్నడో చనిపోయిన మామగారి పేరిట వస్తోంది. అద్దె రసీదుల మీద ఇంటిపేరే లేదు, మామగారి పేరు పక్కన 'మాస్టర్' అని ఉంది, ఎందుకంటే ఆయనను మిల్లులో అందరూ అలాగే పిలిచేవారు. బల్ల దగ్గర కూర్చున్న మా అందరికీ అవి ఒకే కుటుంబానివని తెలుసు. సర్వే చేసే గుమాస్తా దృష్టిలో మాత్రం అవి సంబంధం లేని నలుగురి కాగితాలు. ఆమె పేరు మొదటి జాబితాలో అనర్హుల వైపు పడింది. అఫిడవిట్లు, గెజిట్ ప్రకటన, మిల్లు భవిష్యనిధి పాత చీటీ అన్నీ జతచేసి అభ్యంతరం దాఖలు చేశాకే మారింది. అభ్యంతరాలకు ఇచ్చిన గడువు దాటి ఉంటే ఆమె ఏ కోర్టు గుమ్మం ఎక్కవలసి వచ్చేదో.

మీ ఇంట్లో సమస్య దీనికంటే ఒక మెట్టు ఎక్కువ. గది ఇంకా చనిపోయిన మీ తాతగారి పేరిటే ఉందన్నారు. మహారాష్ట్ర అద్దె నియంత్రణ చట్టం ప్రకారం అద్దెదారు చనిపోయినప్పుడు ఆయనతో కలిసి అదే గదిలో నివసిస్తున్న కుటుంబ సభ్యుడికి ఆ హక్కు సంక్రమిస్తుంది, ఎవరికి అన్నదానిపై కుటుంబంలో ఏకాభిప్రాయం లేకపోతే కోర్టు నిర్ణయిస్తుంది. అంటే తాతగారు పోయిననాటికి గదిలో ఉన్న మీ నాన్నగారి వాదనకు బలం ఎక్కువ. కాని మీ పెదనాన్నగారు అభ్యంతరం పెడితే మీ గది వివాదాస్పదం అన్న గడిలోకి వెళుతుంది, అలా వెళ్లిన గదులకు పునర్నిర్మాణ సమయంలో బయట ఉండడానికి బిల్డరు ఇవ్వవలసిన అద్దె చెల్లింపులు ఆగిపోవడం సర్వసాధారణం. సంతకం పెట్టాలా వద్దా అని అన్నదమ్ములు వాదించుకునే ముందు, రసీదు ఎవరి పేరిట మారాలో, పెదనాన్నగారికి ఏ రూపంలో ఏమి దక్కాలో కూర్చుని మాట్లాడి రాతకోతలు ముగించడం ముఖ్యం. పేరు మార్పిడికి పగ్డీ యజమాని డబ్బు అడుగుతాడు. అది ఇప్పుడు కట్టడమే మేలు.

అర్హత అన్న గీత ఎంతమందిని బయటకు నెట్టగలదో తెలియాలంటే ధారావిని చూడండి. సుమారు 600 ఎకరాల ఆ ప్రాంత పునర్నిర్మాణం 2004 నుంచి కాగితాల మీద నడుస్తూ వచ్చి, 2022లో 5,069 కోట్ల బిడ్‌తో అదానీ సంస్థకు దక్కింది. 2000 జనవరి 1కి ముందు నుంచి నేల అంతస్తులో ఉన్నవారికి అక్కడే 350 చదరపు అడుగుల ఇల్లు ఇస్తామన్నారు. ఆ తేదీ తరువాత వచ్చినవారికీ, పై అంతస్తుల్లో ఉన్నవారికీ ధారావి బయట, ములుండ్, కాంజూర్‌మార్గ్ వైపు ఉప్పుమడుల భూముల వంటి చోట్ల ఇళ్లు ప్రతిపాదించారు. ధారావిలో నిచ్చెన వేసుకుని ఎక్కే పై గదిలోనే కుట్టుమిషన్లు నడుస్తాయి, తోలు సంచులు తయారవుతాయి, కూలీలు నిద్రపోతారు. కింది గదినీ పై గదినీ రెండు వేర్వేరు ఊళ్లకు పంపితే ఆ పని ఏ ఊళ్లోనూ సాగదు. ఇది ఆ పథకంలోని అన్నిటికంటే పెద్ద లోపమని నా నమ్మకం.

జాబితా తరువాత మధ్యకాలం. గోరేగావ్‌లో పత్రా చాల్ అని అందరూ పిలిచే సిద్ధార్థ్ నగర్ కథ పత్రికల్లో మీరు చదివే ఉంటారు. అక్కడి 672 కుటుంబాల పునరావాసానికి 2008లో ఒప్పందం కుదిరింది. కుటుంబాలు ఇళ్లు ఖాళీ చేశాయి. తరువాత బిల్డరు పాత నివాసుల భవనాలు పూర్తి చేయకుండానే నిర్మాణ హక్కులను ఇతరులకు అమ్ముకోవడం, అద్దెలు ఆగిపోవడం, 2018లో మ్హాడా ఆ ఒప్పందాన్ని రద్దు చేయడం జరిగాయి. ప్రభుత్వం పనులు తిరిగి మొదలుపెట్టించేసరికి 2022 వచ్చింది. ఆ పద్నాలుగేళ్లలో పెళ్లిళ్లు జరిగాయి, పెద్దవాళ్లు పోయారు, బడి మధ్యలో మానేసిన పిల్లలు పనుల్లో కుదురుకున్నారు. అద్దె భరించలేక విరార్‌కో బద్లాపూర్‌కో పోయిన కుటుంబం పదేళ్ల తరువాత తిరిగి రాదు. దాని బతుకు అక్కడ వేళ్లూనుకుంటుంది, ఇక్కడి ఇల్లు అమ్ముకోవడానికో అద్దెకివ్వడానికో మాత్రమే పనికొస్తుంది. మీరు అడిగిన వెళ్లగొట్టడం చాలాసార్లు ఇలాగే, ఎవరూ ఎవరినీ మెడపట్టి గెంటకుండానే జరిగిపోతుంది.

భవనం తిరిగి కట్టేదాకా తాత్కాలికంగా ఉంచే మ్హాడా ట్రాన్సిట్ క్యాంపుల్లో దశాబ్దాలుగా ఉండిపోయినవారు, అక్కడే పుట్టి పెరిగి పిల్లలను కన్నవారు కూడా ఉన్నారు. అందుకే ఏ సంఘానికైనా నేను చెప్పే మొదటి మాట అద్దె గురించే. ఎస్.ఆర్.ఏ. 2023లో ఒక మంచి నియమం పెట్టింది: రెండేళ్ల అద్దె ముందుగానే జమ చేసి, మూడో ఏటికి చెక్కులు ఇస్తేనే ముందుకు సాగాలి. మీది మురికివాడ పథకం కాకపోయినా అదే షరతును మీ ఒప్పందంలో రాయించుకోవచ్చు. రాయించుకోండి. అద్దె ఏటేటా ఎంత శాతం పెరగాలో, గడువు దాటితే ఎంత రెట్టింపు కావాలో, సామాను తరలింపు ఖర్చు, అద్దె బ్రోకరు రుసుము ఎవరివో అన్నీ అందులో ఉండాలి. మ్హాడా చట్టానికి 2022లో అమల్లోకి వచ్చిన సవరణ వల్ల, ఆగిపోయిన సెస్ భవనాల ప్రాజెక్టులను మ్హాడా స్వాధీనం చేసుకుని పూర్తి చేసే వీలు కలిగింది. అది ఆసరాయే గాని ఆ ప్రక్రియకూ ఏళ్లు పడతాయి. ఒప్పందంలోనే బ్యాంకు గ్యారంటీ ఉండడం దానికంటే నమ్మకమైన దారి.

అన్నీ సవ్యంగా జరిగి కొత్త ఇంట్లో పాలు పొంగించాక మూడో కష్టం మొదలవుతుంది. దీని గురించి బిల్డరు సమావేశాల్లో ఎవరూ మాట్లాడరు. గోవండీ వైపు ఒక పునరావాస భవనానికి వెళ్లినప్పుడు లిఫ్టు తలుపుకు అడ్డంగా చెక్క కొట్టి ఉంది, పక్కనే గోడ మీద మెయింటెనెన్స్ బాకీదార్ల ఇళ్ల నంబర్లు సుద్దతో రాసి ఉన్నాయి, రాయని నంబర్లు చాలా తక్కువ. మోటారు కరెంటు బిల్లు బాకీ పడడంతో నీళ్లు పై ట్యాంకుకు ఎక్కడం లేదు. ఆడవాళ్లు ఏడంతస్తులు బిందెలతో ఎక్కుతున్నారు. పక్షవాతం వచ్చిన ఒక పెద్దాయనను ఆసుపత్రికి తీసుకువెళ్లడానికి ఇద్దరు కుర్రాళ్లు కుర్చీతో సహా మోసుకుని మెట్లు దిగుతున్నారు. వాళ్లు వదిలి వచ్చిన గుడిసెల్లో నీళ్లు చేతిపంపు దగ్గర, గడప దాటితే నేల మీద దొరికేవి. అటువంటి కాలనీల్లో భవనానికీ భవనానికీ మధ్య ఎడం చాలక కింది అంతస్తుల్లో పగలే దీపం వేసుకోవలసి వస్తుంది. వెలుతురూ గాలీ ఆడని గోవండీ పునరావాస ఇళ్లకూ క్షయవ్యాధికీ ఉన్న సంబంధాన్ని 2018లో వెలువడిన ఒక వైద్య అధ్యయనం చూపింది. చమురు శుద్ధి కర్మాగారాల పక్కన మాహుల్‌లో పెట్టిన కుటుంబాల విషయంలోనైతే, 2019లో బొంబాయి హైకోర్టు వారికి వేరే చోట ఉండేందుకు నెలకు 15,000 రూపాయల అద్దె ఇవ్వమని ఆదేశించేదాకా వచ్చింది.

మీ భవనం లోయర్ పరేల్‌లోనే ఉంటుంది గనుక మాహుల్ గతి మీకు పట్టదు. కాని లిఫ్టు, పంపు, అగ్నిమాపక యంత్రాలు, కాపలా, మెట్ల దీపాలు, వీటన్నిటి ఖర్చు మీకూ ఉంటుంది. ఇరవై రెండు అంతస్తుల పునరావాస టవరులో నెలకు వచ్చే మెయింటెనెన్స్ మీరిప్పుడు కట్టే పగ్డీ అద్దెకు ఎన్నో రెట్లు. దీనికి మందు కార్పస్ ఫండ్, అంటే బిల్డరు సొసైటీ పేరిట బ్యాంకులో వేసే మూలధనం. దాని వడ్డీతో ఖర్చులు నడవాలి. ఎస్.ఆర్.ఏ. పథకంలో మొదట్లో ఇంటికి 20,000 రూపాయలు చొప్పున జమ చేయించేవారు. ఎత్తయిన భవనాల కాలంలో ఆ వడ్డీ లిఫ్టు మరమ్మతుకు కూడా రాదు. మీ సంఘం ఒక పని చేయాలి. ఇప్పటికే పునర్నిర్మించిన దగ్గరి భవనాల సొసైటీలకు వెళ్లి, గత ఏడాది లెక్కల పుస్తకం చూపించమని అడగాలి. అసలు ఖర్చెంతో తెలిశాక, ఎంత మూలధనం ఉంటే వడ్డీతో అందులో కనీసం సగం గడుస్తుందో లెక్కకట్టి, అంత మొత్తం డిమాండ్ చేయాలి. పదో ఇరవయ్యో చదరపు అడుగుల కోసం నెలల తరబడి బేరమాడే సంఘాలు కార్పస్ దగ్గర చెప్పినదానికల్లా తలూపడం చూస్తే నాకు బాధ కలుగుతుంది. అడుగుల విషయంలో ఇంకొక చిన్న మాట: 2022 నుంచి ముంబయిలో 500 చదరపు అడుగుల లోపు ఇళ్లకు ఆస్తిపన్ను మినహాయింపు ఉంది. ఆ గీతకు కొద్దిగా పైన ఉన్న ఇల్లు తీసుకునేవారు ఆ పన్నును కూడా నెలవారీ ఖర్చులో కలుపుకోవాలి.

మీ అమ్మగారు చుట్టుపక్కల ఆఫీసులవాళ్లకు టిఫిన్లు చేసి పంపుతారని ఒక వాక్యంలో రాసి వదిలేశారు. నా దృష్టిలో మీ ప్రశ్నకు అదే ఆయువుపట్టు. చాల్ వరండాలో గ్యాసు పొయ్యి పెట్టుకుని సాగించే ఆ పనిని కొత్త సొసైటీ నియమావళి వాణిజ్యం అని ఆపివేయవచ్చు. కింద ఉన్న కిరాణా, పిండిమర, దర్జీ కొట్టులకు కొత్త భవనంలో జాగా ఉందో లేదో, ఉంటే రోడ్డు వైపా, పార్కింగు వెనకా అన్నది ప్లానులో చూసుకోవాలి. పేదవాడికి పేట అంటే ఇంటి నుంచి నడిచి వెళ్లే దూరంలో దొరికే పని, అరువిచ్చే కొట్టు, పిల్లను కాసేపు చూసిపెట్టే పక్కింటివాళ్లు. భేండీ బజార్‌లో సైఫీ బుర్హానీ ట్రస్టు 2009 నుంచి నడుపుతున్న పథకాన్ని ఈ విషయంలో గమనించదగ్గదిగా చెప్పవచ్చు. పదహారున్నర ఎకరాల్లో సుమారు 3,200 కుటుంబాలతోపాటు 1,250 దుకాణాలనూ లెక్కలోకి తీసుకున్నారు, అమ్మకంపై లాభం ప్రధానం కాని ట్రస్టు దాన్ని నడిపిస్తోంది. అంత సంఘబలం, ధనబలం ఉన్న చోట కూడా మొదటి రెండు టవర్లు 2020కి గాని నివాసానికి రాలేదు.

బిల్డరు కాకుండా ప్రభుత్వ సంస్థే నేరుగా కట్టిన చోట ఫలితం మెరుగ్గా ఉందా అంటే, ఉందనే చెబుతాను. 1920లలో బాంబే డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ కట్టిన వర్లీ బీ.డీ.డీ. చాల్‌లలో 160 చదరపు అడుగుల గదుల్లో ఉన్నవారికి మ్హాడా 500 చదరపు అడుగుల ఇళ్లు కట్టింది, 2025 ఆగస్టులో తొలివిడతగా 556 కుటుంబాలకు తాళాలు అందాయి. 2017లో శంకుస్థాపన జరిగిన పనికి ఎనిమిదేళ్లు పట్టడం సంతోషకరం కాదు, అయినా అర్హతలోనూ, విస్తీర్ణంలోనూ అక్కడి అద్దెదారులకు దొరికినది ప్రైవేటు ఒప్పందాల్లో అరుదు. నిజాం ఇలాకా నుంచి వచ్చిన తెలుగు కూలీల మీదుగా పేరు పడ్డ కామాఠీపురాకు కూడా మ్హాడా ద్వారా సమూహ పునర్నిర్మాణ పథకం వచ్చింది. అక్కడ బంధువులెవరైనా ఉంటే వారి ఒప్పందపు షరతులు తెప్పించుకుని మీవాటితో పోల్చి చూడండి.

ఇక మీ ఇంటి వాదన. ఒకప్పుడు అద్దెదారుల్లో 70 శాతం ఒప్పుకుంటే గాని ప్రతిపాదన కదిలేది కాదు. ఇప్పుడు 51 శాతం చాలు. ఆ సంఖ్య చేరాక ఒప్పుకోని కుటుంబాలను ఖాళీ చేయించే అధికారం కూడా చట్టంలో ఉంది. కాబట్టి మీ పెదనాన్నగారు చెప్పినట్లు మీరొక్కరే సంతకం ఆపడం వల్ల పథకం ఆగదు, మీ మాటకున్న విలువ మాత్రం పోతుంది. అలాగని మీ నాన్నగారు చెప్పినట్లు తొలివారమే సంతకం పెట్టేస్తే బేరానికి ఉన్న ఒకే ఒక్క బలాన్ని ముందే ఇచ్చేసినట్లవుతుంది. సగం మంది సంతకాలు పూర్తికాకముందు ఉన్న ఈ కొద్ది నెలలే అద్దెదారులకు పలుకుబడి ఉండే కాలం. ఈలోగా సంఘాన్ని రిజిస్టరు చేయించి, సొంతంగా ఒక ఆర్కిటెక్టునూ ఒక న్యాయవాదినీ పెట్టుకుని, అందరూ ఒకే షరతుల పత్రం మీద నిలబడాలి. సంఘం పెద్దలు ముగ్గురో నలుగురో బిల్డరు ఆఫీసుకు విడిగా వెళ్లి రావడం మొదలైతే వెంటనే సర్వసభ్య సమావేశం పిలిచి ఆ మాటలన్నీ మినిట్స్‌లో రాయించండి. ఎక్కువ సంఘాలు చీలింది అక్కడే.

ఇప్పుడు మీకు ఇచ్చినది ఒప్పుదల పత్రం మాత్రమే. దానితోపాటు శాశ్వత ప్రత్యామ్నాయ నివాస ఒప్పందం ముసాయిదా కూడా ఇమ్మని అడగండి. కార్పెట్ ఏరియా గోడలు మినహాయించి ఎంతో, ఏ అంతస్తో, మీ పునరావాస భవనానికీ అమ్మకపు టవరుకూ మధ్య ఎడమెంతో, రెంటికీ ఒకే గేటా వేర్వేరా, అన్నీ అందులో ఉండాలి. ఇల్లు మీ అమ్మానాన్నల ఇద్దరి పేరిట రాయించండి. ఆ ఒప్పందం రిజిస్టరు అయి, అద్దె డబ్బు బ్యాంకులో పడి, నిర్మాణానికి అనుమతి పత్రం చూశాకే గది ఖాళీ చేయండి. ముసాయిదా చేతికి వచ్చాక అందులో అద్దె, గడువు, కార్పస్‌కు సంబంధించిన మూడు క్లాజులను ఉన్నవి ఉన్నట్టుగా రాసి పంపితే, చదివి నా అభిప్రాయం చెబుతాను.